సైకిల్ ఫ్రేము ఒంటికి సరిపోవాలంటే: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాలు చాలావరకు ఒకే చోటికి వచ్చి ఆగాయి. రోడ్ సైకిల్ కొందామని కంపెనీల కొలతల పట్టికలు ముందేసుకున్నవారికి ఆ అంకెల్లో ఏది తమ ఒంటికి సంబంధించినదో, ఏది కాదో తేలడం లేదు. మన ఊళ్లలో బైక్ అంటే మోటార్ సైకిలే కాబట్టి, వంపు హ్యాండిల్ ఉన్న వేగపు సైకిల్‌ను ఈ శీర్షికలో రోడ్ సైకిల్ అనే అంటాను. పట్టికల్లోని కొలతల పేర్లను మాత్రం దుకాణాల్లో పలికినట్టే ఉంచుతాను, ఎందుకంటే రేపు మీరు అడగవలసింది ఆ పేర్లతోనే.

ప్రశ్న: నేను విశ్రాంత ఉపాధ్యాయుణ్ణి. మా కాలంలో సైకిల్ అంటే 22 అంగుళాలదా, 24 అంగుళాలదా అని అడిగేవారు. ఇప్పుడు మనవడు 52, 54, 56 అంటున్నాడు, కొన్నిటికి ఎస్, ఎమ్, ఎల్ అని చొక్కాల సైజుల్లా రాసి ఉంది. ఈ అంకెలు దేని కొలతలు? (కరీంనగర్)

జవాబు: మీరు అడిగిన 22 అంగుళాలూ మీ మనవడు చెబుతున్న 54 సెంటీమీటర్లూ పుట్టుకలో ఒకటేనండి. రెండూ సీటు కింద నిటారుగా ఉండే గొట్టం పొడవులే. 22 అంగుళాలంటే దాదాపు 56 సెంటీమీటర్లు. పై గొట్టం నేలకు సమాంతరంగా ఉన్నంతకాలం ఈ ఒక్క కొలత చెబితే ఫ్రేము ఎత్తు తెలిసిపోయేది, కాళ్లు రెండూ నేలకు ఆనతాయా లేదా అన్నది కూడా తెలిసేది. చిన్నప్పుడు అందని సైకిల్‌ను అడ్డగొట్టం కింది నుంచి కాలు దూర్చి తొక్కినవారికి ఈ కొలత విలువ ఎవరూ చెప్పనక్కరలేదు.

1990ల చివర మైక్ బరోస్ అనే ఇంగ్లండ్ రూపకర్త జెయింట్ కంపెనీ కోసం టీసీఆర్ అనే రోడ్ సైకిల్‌ను తయారుచేస్తూ, పై గొట్టాన్ని సీటు వైపుకు బాగా వాల్చాడు. బార్సిలోనా ఒలింపిక్స్‌లో 1992లో క్రిస్ బోర్డ్‌మన్ స్వర్ణం గెలిచిన లోటస్ సైకిల్ వెనుక ఉన్నదీ ఈయనే. గొట్టం వాలడంతో ఫ్రేము చిన్నదై తేలికైంది, సీటు కడ్డీ పొడవుగా బయటికి వచ్చింది, కొద్దిపాటి సైజులతోనే ఎక్కువమందికి సరిపెట్టడం వీలైంది. ఆ రోజు నుంచి సీటు గొట్టం పొడవుకు అసలు అర్థం పోయింది. ఇవాళ ఫ్రేము మీద 54 అని రాసి ఉంటే, దాని సీటు గొట్టం నిజంగా 54 సెంటీమీటర్లు ఉండాలన్న నియమం లేదు. పాత లెక్కలో అది 54కు సమానమని కంపెనీ అనుకుంటోందని మాత్రమే అర్థం. ఒక కంపెనీ 54, ఇంకో కంపెనీ 52, మరో కంపెనీ ఎమ్ ఒకే మనిషికి సరిపోవచ్చు. అందుకని మనవడికి చెప్పండి, సైజు చీటీని చదివి పక్కన పెట్టి, పట్టికలో స్టాక్, రీచ్ అనే రెండు వరుసలు వెతకమని. అవేమిటో కింది జవాబులో ఉంది.

ప్రశ్న: నా వయసు 43, ఎత్తు 172 సెం.మీ. రెండేళ్లుగా ఇంకొకరు వాడిన 54 సైజు రోడ్ సైకిల్ తొక్కుతున్నాను. ముప్పై కిలోమీటర్ల దాకా ఏ ఇబ్బందీ లేదు గాని, అరవై దాటితే మెడ పట్టేస్తుంది, చిటికెన వేళ్లు మొద్దుబారతాయి. వచ్చే చలికాలంలో 200 కిలోమీటర్ల బ్రెవే, అంటే గడువులోపు పూర్తి చేయవలసిన దూరపు సైకిల్ ప్రయాణం, తొక్కాలని ఉంది. రెండు సైకిళ్లు చూసి పెట్టుకున్నాను. మొదటిది రేసు రకం, 54 సైజు: స్టాక్ 544, రీచ్ 384, టాప్ ట్యూబ్ 540 మి.మీ., సీటు గొట్టం కోణం 74 డిగ్రీలు. రెండోది దూర ప్రయాణాల రకం, మీడియం: స్టాక్ 570, రీచ్ 378, టాప్ ట్యూబ్ 547, కోణం 73.5. రీచ్ చూస్తే రెండోది పొట్టిది, టాప్ ట్యూబ్ చూస్తే అదే పొడవైనది. దేన్ని నమ్మాలి? (కాకినాడ)

జవాబు: మీ ప్రశ్నలోనే ఈ విద్య మొత్తం ఉంది, అందుకే దీనికి కాస్త ఎక్కువ చోటు ఇస్తున్నాను.

ముందు కొలతలు ఎక్కడి నుంచి ఎక్కడికో చూద్దాం. పెడల్ చేతులు తిరిగే ఇరుసు కేంద్రం నుంచి, హ్యాండిల్ కింద ఉండే హెడ్ ట్యూబ్ పై అంచు మధ్య బిందువు వరకు, నిలువుగా ఎంత ఎత్తు ఉందో అది స్టాక్, అడ్డంగా ఎంత దూరం ఉందో అది రీచ్. పట్టికలో చెప్పే టాప్ ట్యూబ్ పొడవు అదే హెడ్ ట్యూబ్ బిందువు నుంచి మొదలై, నేలకు సమాంతరంగా వెనక్కి వెళ్లి సీటు కడ్డీ మధ్య గీతను తాకే వరకు ఉండే దూరం. ఈ మూడోది మోసం చేసేది ఇక్కడే. మీ సీటు ఎక్కడ ఉండాలో నిర్ణయించేది ఫ్రేము కాదు, మీ కాళ్లు. పెడల్ ఇరుసుకు ఎంత ఎత్తున, ఎంత వెనక కూర్చుంటే మోకాలు సుఖంగా తిరుగుతుందో అక్కడికే, ఏ ఫ్రేములోనైనా, సీటును ముందుకో వెనక్కో జరిపి తెచ్చుకుంటారు. అలా జరిపిన తర్వాత టాప్ ట్యూబ్ వెనక కొస ఎక్కడ ఉందన్నది మీ వెన్నుకు అనవసరం. మీ రెండో సైకిల్‌లో ఎక్కువగా కనిపిస్తున్న 7 మి.మీ. సీటు గొట్టం అర డిగ్రీ ఎక్కువ వాలడం వల్ల, హెడ్ ట్యూబ్ కొస ఎత్తుగా ఉండడం వల్ల వచ్చింది. చేతులు చాచవలసిన దూరం పెరిగి వచ్చింది కాదు.

అయితే రీచ్‌ను నమ్మవచ్చా అంటే, దాన్ని కూడా ఉన్నదున్నట్టు పోల్చకూడదు. హెడ్ ట్యూబ్ నిలువుగా ఉండదు, 73 డిగ్రీల చుట్టుపక్కల వెనక్కి వాలి ఉంటుంది. హ్యాండిల్ కింద వాషర్ల వంటి స్పేసర్లు పెట్టి దాన్ని 10 మి.మీ. పైకి లేపితే, అది సుమారు 3 మి.మీ. మీ వైపుకు కూడా వస్తుంది. కనుక స్టాక్ సమానం చేయకుండా రీచ్ పోల్చడం, ఒకరిని మెట్టు మీద, ఇంకొకరిని నేల మీద నిలబెట్టి ఎత్తు పోల్చడం వంటిది. మీ రెండు సైకిళ్ల స్టాక్ తేడా 26 మి.మీ. మొదటి సైకిల్ హ్యాండిల్‌ను ఆ మేరకు లేపామనుకోండి, దాని రీచ్ దాదాపు 8 మి.మీ. తగ్గి 376 అవుతుంది. రెండోది 378. అంటే ఒకే ఎత్తున రేసు సైకిలే 2 మి.మీ. పొట్టిది! బియ్యపు గింజ వెడల్పుకు మించని ఈ తేడాను మీ చేతులు గుర్తించవు. రెండు ఫ్రేములూ పొడవులో ఒకటే, ఎత్తులోనే వేరు. అమ్మేవాళ్లు ఒకదాన్ని దూకుడుదని, ఇంకొకదాన్ని సుఖమైనదని చెప్పేదంతా మీ విషయంలో ఈ 26 మి.మీ. దగ్గరికే వస్తుంది.

ఇక తేల్చుకోవలసింది మీకు హ్యాండిల్ ఎంత ఎత్తున కావాలన్నది. దానికి కొలతబద్ద మీ దగ్గరే ఉంది, మీరు రెండేళ్లుగా తొక్కుతున్న సైకిలే. దాన్ని చదునైన నేల మీద, ముందు చక్రం గోడకు ఆనేటట్టు నిటారుగా నిలబెట్టండి. గోడ నుంచి పెడల్ ఇరుసు కేంద్రానికి, గోడ నుంచి హెడ్ ట్యూబ్ కొస మధ్యకు అడ్డంగా కొలిచి, మొదటిదాన్నుంచి రెండోది తీసివేస్తే రీచ్ వస్తుంది. నేల నుంచి అవే రెండు చోట్లకు కొలిచి తీసివేస్తే స్టాక్ వస్తుంది. తాపీ మేస్త్రీ దగ్గర రసమట్టం అడిగి తెచ్చుకుంటే కొలత సరిగా వస్తుంది, లేకపోతే దారానికి ఒక నట్టు కట్టి వేలాడదీసినా చాలు. తర్వాత హ్యాండిల్ కింద ఎన్ని మి.మీ. స్పేసర్లు ఉన్నాయో, హ్యాండిల్‌ను పట్టి ఉంచే స్టెమ్ పొడవెంతో, సీటు ముందు కొస నుంచి బ్రేకుల మీది రబ్బరు తొడుగుల వరకు దూరమెంతో రాసుకోండి. ఈ చివరి అంకె అన్నిటికంటే ముఖ్యం. వంపు హ్యాండిల్‌లోనే ముందుకు సాగే భాగం కొన్నిటిలో 70 మి.మీ., కొన్నిటిలో 85 దాకా ఉంటుంది. ఫ్రేముల్లో రెండు మి.మీ. కోసం తల బద్దలు కొట్టుకుని, హ్యాండిల్‌లో పదిహేను పోగొట్టుకున్నవారు నాకు తెలుసు. వారిలో నేనూ ఒకణ్ణి.

కానీ కొత్తది కొనేముందు మీ సీటును ఒకసారి అనుమానించండి. గోడకు వీపు ఆనించి, చెప్పులు లేకుండా నిలబడి, కాళ్ల మధ్య ఒక అట్ట పుస్తకాన్ని సీటు మీద కూర్చున్నంత గట్టిగా పైకి అదిమి, దాని పై అంచు నుంచి నేలకు కొలవండి. ఆ కొలతను 0.883తో గుణిస్తే ఇరుసు కేంద్రం నుంచి సీటు పైభాగానికి ఉండవలసిన దూరం, ఆరంభ కొలతగా, వస్తుంది. ఇది అమెరికన్ రేసు వీరుడు గ్రెగ్ లెమాండ్ పేరు మీద ప్రచారంలోకి వచ్చిన లెక్క. మీకు 79 సెం.మీ. వస్తే సీటు ఎత్తు 69.8 దగ్గర మొదలుపెట్టాలి. సీటు ముందు కొస కిందికి వంగి ఉన్నా, సీటు బాగా ముందుకు జరిగి ఉన్నా, శరీరం జారుతూ బరువంతా అరచేతుల మీద పడుతుంది. చిటికెన వేలికి వెళ్లే నరం అరచేతి అంచున నలిగేది అప్పుడే. ఆ తప్పు ఏ ఫ్రేము మార్చినా మీ వెంట కొత్త సైకిల్‌కు కూడా వస్తుంది. సైకిల్ దిగిన తర్వాత కూడా గంటల తరబడి మొద్దుబారుడు తగ్గకపోతే మాత్రం కొలతలు వదిలి వైద్యుణ్ణి కలవండి.

సీటు సరిచేసి, కొన్ని వారాలు తొక్కి, ఇప్పుడున్న హ్యాండిల్‌ను ఎంత లేపితే మెడకు హాయిగా ఉందో చూడండి. హెడ్ ట్యూబ్ స్టాక్‌కు మీ స్పేసర్ల ఎత్తు కలిపి 575 నుంచి 585 మధ్య వస్తే రెండో సైకిల్ తీసుకోండి, అక్కడ ఒకటిన్నర సెంటీమీటరు స్పేసర్లలోపే పని అయిపోతుంది. అదే ఎత్తుకు మొదటిదానికి 30 నుంచి 40 మి.మీ. స్పేసర్లు పెట్టవలసి వస్తుంది. కార్బన్ ఫోర్క్ గొట్టం (ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్క్ నుంచి హెడ్ ట్యూబ్ లోపలిగా పైకి వచ్చేది) మీద ఎన్ని మి.మీ. స్పేసర్లు పెట్టవచ్చో కంపెనీలు హద్దు రాసి ఇస్తాయి, దాన్ని దాటడం ప్రమాదం. ఇంకొక మాట, మళ్లీ వాడిన సైకిలే కొనేటట్టయితే, మొదటి యజమాని ఫోర్క్ గొట్టాన్ని తన ఎత్తుకు కోయించి ఉంటాడు. కోసిన గొట్టం పెరగదు. పట్టికలో ఎంత మంచి స్టాక్ ఉన్నా, ఆ సైకిల్ హ్యాండిల్ ఆ పైకి ఇక లేవదు.

మీ బాధలు, మీ 200 కిలోమీటర్ల కోరిక చూస్తే నా ఓటు రెండోదానికే. బ్రెవేలో 200 కిలోమీటర్లకు పదమూడున్నర గంటల గడువు ఉంటుంది. అందులో మీకు కావలసింది గాలికి తల దాచుకునే వంపు కంటే, పదో గంటలో కూడా తల ఎత్తి రోడ్డు చూడగలగడం.

అంకెలు కుదిరిన తర్వాత వాటిని శిలాశాసనం చేసుకోకండి. బెల్జియం రేసు వీరుడు ఎడీ మెర్క్స్ 1969లో ఫ్రాన్స్‌లోని బ్లోవా ట్రాక్ మీద పడి నడుముకు దెబ్బ తగిలిన తర్వాత, రేసు నడుస్తుండగానే సీటు ఎత్తు మార్చుకుంటూ ఉండేవాడు. అంతటివాడికే ఒంటితోపాటు కొలత మారింది.

ప్రశ్న: నా ఎత్తు 154 సెం.మీ. ఒకే మోడల్‌లో ఎస్, ఎక్స్‌ఎస్ రెండు సైజులు చూశాను. ఎస్ టాప్ ట్యూబ్ 521 మి.మీ., ఎక్స్‌ఎస్‌ది 505. పదహారు మి.మీ. తగ్గుతుంది కదా అని ఎక్స్‌ఎస్ ఎక్కి చూస్తే, హ్యాండిల్ అంతే దూరంగా అనిపించింది. నా భ్రమా? (నిజామాబాద్)

జవాబు: భ్రమ కాదమ్మా, మీ చేతులు పట్టిక కంటే నిజం చెప్పాయి. మీరు పంపిన పట్టికలో మిగతా వరుసలు చూశాను. ఎస్‌కు సీటు గొట్టం కోణం 74 డిగ్రీలు, స్టాక్ 520, రీచ్ 372. ఎక్స్‌ఎస్‌కు కోణం 75 డిగ్రీలు, స్టాక్ 500, రీచ్ 371. రీచ్‌లో తగ్గింది ఒక్క మి.మీ. మాత్రమే. మిగతాదంతా సీటు గొట్టాన్ని నిటారు చేసి, స్టాక్ తగ్గించి కాగితం మీద తెచ్చిన తగ్గింపు. మీరు అందులో కూర్చున్నాక మోకాళ్లకు కుదరక సీటును ఒక సెంటీమీటరు వెనక్కి జరిపితే, ఆ తగ్గింపులో పెద్ద భాగం మాయమవుతుంది.

రూపకర్తలు ఇలా ఎందుకు చేస్తారంటే, చిన్న ఫ్రేముకు కూడా పెద్దవాళ్ల 700సీ చక్రాలే వేస్తారు కాబట్టి. ముందు చక్రం పెద్దదిగా ఉండగా ఫ్రేమును పొట్టి చేస్తే, మలుపు తిప్పేటప్పుడు కాలి బొటనవేలు చక్రానికి తగులుతుంది. తగలకుండా చక్రాన్ని ముందుకు నెట్టాలి, దాంతో హ్యాండిల్ కూడా ముందుకే ఉండిపోతుంది. సైజు చిన్నదవుతున్నకొద్దీ రీచ్ తగ్గడం ఆగిపోవడం చాలా కంపెనీల పట్టికల్లో కనిపిస్తుంది. మీ ఎత్తువారు పట్టికలో మొదట చూడవలసింది ఈ ఆగిపోయే చోటునే.

అయినా రెండిట్లో మీకు ఎక్స్‌ఎస్ మేలే. పై జవాబులోని లెక్క ప్రకారం దాని హ్యాండిల్‌ను ఎస్ ఎత్తుకు లేపితే రీచ్ 365 అవుతుంది, అంటే 7 మి.మీ. దగ్గర. కానీ అది చాలదు. ముందుకు సాగడం 70 మి.మీ. మించని వంపు హ్యాండిల్, 70 లేదా 80 మి.మీ. స్టెమ్ అడిగి వేయించుకోండి. బ్రేకు మీటను వేళ్లకు దగ్గరగా తెచ్చే మర ఉంటుంది, దుకాణంలోనే దాన్ని తిప్పించుకోండి. పెడల్ చేతులు 170 మి.మీ. ఉంటే 165 లేదా 160కి మార్చగలరేమో అడగండి, అప్పుడు మోకాలు పొట్టకు తగలకుండా తిరుగుతుంది, బొటనవేలికి కూడా చోటు వస్తుంది. కాస్త వెతికే ఓపిక ఉంటే, చిన్న సైజులకు 700సీ కంటే చిన్నవైన 650బి చక్రాలు వేసే మోడళ్లు కూడా ఉన్నాయి. అక్కడ రీచ్ నిజంగానే తగ్గుతుంది. ఇవేవీ మార్చనన్న దుకాణంలో కొనకండి.

ప్రశ్న: నా పాత, కొత్త సైకిళ్ల స్టాక్, రీచ్ సరిగ్గా ఒకటే. కూర్చుంటే తేడా తెలియదు. కానీ అనంతగిరి ఘాట్ దిగుతున్నప్పుడు పాతది రాయిలా నిలిచేది, కొత్తది చిన్న కదలికకే పక్కకు పోతోంది. కొలతలు ఒకటైతే నడక ఎందుకు మారింది? (విశాఖపట్నం)

జవాబు: స్టాక్, రీచ్ చెప్పేది మీరు సైకిల్ మీద ఎలా కూర్చుంటారన్నది. అది రోడ్డు మీద ఎలా నడుస్తుందన్నది వేరే వరుసల్లో ఉంటుంది, అందులో ముఖ్యమైనది ట్రెయిల్. హ్యాండిల్ తిరిగే వాలు గీతను నేల దాకా పొడిగిస్తే, అది తాకే బిందువు ముందు చక్రం నేలను తాకే చోటుకు కొంచెం ముందు ఉంటుంది. ఆ రెండిటి మధ్య దూరమే ట్రెయిల్. అది ఎక్కువైతే చక్రం తనంతట తాను తిన్నగా నిలవడానికి చూస్తుంది, తక్కువైతే మాట వెంటనే వింటుంది. 28 మి.మీ. టైరు, ఫోర్క్ ముందుకు వంగిన మేర 45 మి.మీ. అనుకుంటే, హెడ్ ట్యూబ్ కోణం 73 డిగ్రీలైనప్పుడు ట్రెయిల్ సుమారు 57 మి.మీ., 72 డిగ్రీలైతే 63. ఒక్క డిగ్రీ తేడాను బీచ్ రోడ్డు మీద మీరు పట్టించుకోరు, ఘాట్ మలుపుల్లో అది మణికట్టుకు తెలుస్తుంది. ఫోర్క్ వంపును 45 నుంచి 50కి పెంచితే, 72 డిగ్రీల సైకిల్ కూడా దాదాపు 58కి వచ్చేస్తుంది కనుక కోణం ఒక్కటే చూసి తీర్పు చెప్పకండి.

దీనితో పాటు రెండు చక్రాల ఇరుసుల మధ్య దూరం, పెడల్ ఇరుసు నుంచి వెనక చక్రం ఇరుసుకు ఉండే చెయిన్ స్టే పొడవు కూడా పోల్చండి. రేసు ఫ్రేముల్లో చెయిన్ స్టే 410 మి.మీ. దగ్గర, దూర ప్రయాణాల ఫ్రేముల్లో 420, అంతకు పైన కూడా కనిపిస్తుంది. పొడవు పెరిగితే నిలకడ పెరుగుతుంది, వెడల్పాటి టైరుకు చోటు కూడా దొరుకుతుంది.

అయితే కొలతల మీద నింద వేసే ముందు, ముందు బ్రేకు పట్టి సైకిల్‌ను ముందుకూ వెనక్కూ ఊపి చూడండి. హెడ్ ట్యూబ్ దగ్గర టకటకమంటే బేరింగు వదులైనట్టే, బిగిస్తే సగం బెదురు పోతుంది. టైర్లలో గాలి మరీ ఎక్కువ కొట్టి ఉన్నా గరుకు రోడ్డు మీద చక్రం ఎగురుతుంది.

ప్రశ్న: మా అబ్బాయికి 14 ఏళ్లు, 160 సెం.మీ. ఉన్నాడు. ఏడాదికి నాలుగైదు సెంటీమీటర్లు పెరుగుతున్నాడు. ఒక సైజు పెద్దది కొంటే రెండేళ్లు ఎక్కువ వస్తుంది కదా? (అనంతపురం)

జవాబు: పండక్కి లాగూ కుట్టించినట్టు సైకిల్‌ను కుట్టించలేమండి. పెద్ద ఫ్రేములో హ్యాండిల్‌ను ఎంత దగ్గరకు తెచ్చినా కొంతే వస్తుంది, రెండేళ్లు వాడు చేతులు చాచి, మెడ ఎత్తి తొక్కుతాడు, బ్రేకు అందక ఒకసారి పడతాడు. సరైన సైజులోనే కాస్త వెసులుబాటు చూసుకోండి. ఇప్పటికి 80 మి.మీ. స్టెమ్‌తో, సీటు కడ్డీ తక్కువ బయటికి ఉండగా సరిపోయే ఫ్రేమును ఎంచుకుంటే, వాడు ఎదిగేకొద్దీ సీటు పైకి లేపి, స్టెమ్‌ను 100 లేదా 110కి మార్చవచ్చు. కొనేటప్పుడు ఫోర్క్ గొట్టాన్ని కోయవద్దని, మిగిలిన స్పేసర్లు పైన అలాగే ఉంచమని దుకాణంలో గట్టిగా చెప్పండి. ఆరు నెలలకోసారి పుస్తకం పెట్టి కాలు కొలిచి, ఆ తేదీ వేసి గోడ మీద రాయండి. సీటు ఎప్పుడు లేపాలో గోడే చూపిస్తుంది.